అమ్మ గొంతుతో ఇచ్చిన మాట

చాటింపు 611. పొద్దుటి పోటు. తూర్పుగాలి.

బరిసాల్ తీరంలో ఉన్న రెహానాకీ, మిగతా తీరాల్లో ఉన్న చాటరులందరికీ, ఉప్పేరు రేవు నుంచి తాయారు పంపుతున్న రోజువారీ చిట్టా.

ఈ పూట వార్తలు మూడు. ఐసు పడవ రాలేదు, నడిపేవాడికి జ్వరం. దానికి వాడి బావమరిది వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మంచినీళ్ళ యంత్రంలో జల్లెడ మార్చారు, కొన్నాళ్ళు నీళ్ళు వగరుగా ఉంటాయి. దానికి జల్లెడ మార్చినామె నిలబడింది. మూడోది, వచ్చే ఆదివారం ఓటు. ఉప్పేరు లాకుని ముప్పై ఏళ్ళపాటు, తీరాల్లో గట్లూ లాకులూ నడిపే తీరకవచం సంస్థకి అప్పగించాలా, వద్దా? దానికి సర్పంచి సీతారత్నం గారే దిగొచ్చి నిలబడ్డారు.

కొత్తగా చేరిన చాటరులు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా రేవులో చూసిన మనిషి పక్కన నిలబడకపోతే అది వార్త కాదు. ఏ బొమ్మనైనా, ఏ గొంతునైనా ఎవడంటే వాడు పుట్టించగలిగే రోజులొచ్చాక మావాళ్ళు పెట్టుకున్న కట్టుబాటిది. నేను డప్పు కొట్టి చెబుతాను, చూసిన మనిషి నా పక్కన ఉంటుంది, జనం ఆమె ముఖం చూసి అడగాల్సింది అడుగుతారు. తప్పని తేలితే ఇద్దరం కలిసి తిట్లు తింటాం. జీతం తక్కువే గానీ తిట్లకి లోటు లేదు.

లాకు సంగతి కూడా చెప్పాలి. సముద్రానికీ మాకూ మధ్య ఉన్న ఇనుప తలుపది. మూస్తే మెరక మీద వరి బతుకుతుంది. తెరిస్తే రొయ్యల చెరువులకి ఉప్పునీరు అందుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ళకి మాత్రం రెండూ చావే. బార్లా తెరిస్తే పోటుకి మునుగుతాయి, బిగించి మూస్తే వాననీరు బయటికి పోక మునుగుతాయి. అందుకే ప్రతి కార్తెకీ దాన్ని ఎంతవరకు ఎత్తాలో తేల్చడానికి మావాళ్ళు ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటారు. చివరికి ఎవరికీ పూర్తిగా నచ్చని చోట తలుపు ఆగుతుంది.

అలాంటి లాకుని అప్పగించే సంగతి ఈ రోజు చాటితే ఒక్కడూ నోరెత్తలేదు. ఐసు గురించి మాత్రం అరగంట దెబ్బలాడారు. లాకు మాట రాగానే అందరూ చిన్నగా నవ్వుకుని, బుట్టలెత్తుకుని వెళ్ళిపోయారు. సౌరఫలకాల మీద పేరుకున్న ఉప్పు కడుగుతున్నంతసేపూ నాకా నవ్వులే గుర్తొచ్చాయి. భయమేసింది.

చాటింపు 612. మబ్బు.

పల్లంలో మా లోవకుమారి వదిన ఇంటికి వెళ్ళాను. మా అన్నయ్య పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది, లాకుకి సరిగ్గా కింద. వెళ్ళేసరికి గిన్నెలన్నీ గోనెసంచుల్లో కడుతోంది. ఎక్కడికి వదినా ప్రయాణం అంటే సిగ్గుపడింది. అడగ్గా అడగ్గా నోరు జారింది. లాకు చేతులు మారగానే మెరక మీద రెండు గదుల ఇల్లిస్తారట, కిటికీలు దక్షిణం వైపట. ఎవరు చెప్పారంటే, అమ్మ చెప్పిందంది.

వాళ్ళమ్మ పోయి పదేళ్ళు దాటింది. అమ్మ అంటే చెవిపూస.

మీ తీరాల్లోనూ పంచారు కాబట్టి మీకు తెలిసిందే. సముద్రం లోపలికొచ్చిన బీద దేశాలన్నిటికీ తీరకవచం వాళ్ళు ఆ పూసల్ని ఊరికే ఇచ్చారు. పూస చెవిలో పెట్టుకుంటే వార్తలు చెబుతుంది, కబుర్లు చెబుతుంది, ఎవరి గొంతంటే మనం కరిగిపోతామో ఆ గొంతుతో చెబుతుంది. మా వృత్తిలో వాళ్ళం పెట్టుకోకూడదు. పక్కవాళ్ళ పూస ఏం చెప్పిందని అడగడం మా ఊళ్ళో పెద్ద మర్యాద తక్కువ పని, భోంచేసేవాళ్ళ విస్తట్లోకి తొంగిచూడ్డం లాంటిది. మా అంత మర్యాదస్తులు ఇంకెక్కడా ఉండరు, దాని ఫలం ఇప్పుడు అనుభవిస్తున్నాం.

తిరిగొస్తుంటే రొయ్యల చెరువు దగ్గర బులిరాజు కొత్త గట్టు వేయిస్తూ కనిపించాడు. వరసకి నాకు బావ, నోరు పెద్దది. ఉన్న చెరువుకే నీళ్ళు చాలవు కదా బావా, ఇంకో చెరువెందుకన్నాను. లాకు ఇక బార్లా తెరిచే ఉంచుతారుగా అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

మెరక ఎక్కాను. అన్నవరం మావయ్య తియ్యనీళ్ళకి తప్ప మొలవని పాత వరి విత్తనం నానబోస్తున్నాడు. లాకు మూసేస్తారని ఆయనకెవరు చెప్పి ఉంటారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ విత్తనమే చెప్పింది.

ఒక తలుపు. అది తెరిచీ ఉంటుందట, మూసీ ఉంటుందట. దారిలో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను, ఆ తర్వాత నేరుగా పంచాయతీకి నడిచాను. ఒప్పందం నకలు పంచాయతీ గోడ మీద అంటించే ఉంది. చేతులు మారాక లాకుని సంస్థ తన ఇష్టప్రకారం నడుపుతుందని ఒక్క వాక్యం రాశారు, అడుగున స్థానిక ఆచారాలు పాటిస్తామని ఇంకోటి. ఇల్లు లేదు, ఉప్పునీరు లేదు, తియ్యనీరు లేదు.

చాటింపు 613. వాన.

ముగ్గురి దగ్గరికీ వెళ్ళి నా పక్కన నిలబడమని అడిగాను. పూస మీతో ఏమందో మీ నోటితో ఒక్క మాట చెప్పండి చాలు, మిగతాది జనమే చూసుకుంటారన్నాను. బులిరాజు ఊళ్ళో పనులు లేవా అని కసిరాడు. అన్నవరం మావయ్య చెవుడు నటించాడు, ఆయన చెవులు పాము చెవులని ఊరంతటికీ తెలుసు.

వదిన ఏడ్చింది. ఇంతకాలానికి అమ్మ నాతో మాట్లాడుతుంటే ఆ మాటల్ని రేవులో పెట్టి అమ్మమంటావా తాయారూ అంది. కోపం వచ్చింది, ఆమె మీద కాదు, ఆ గొంతు ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి ఆమె చెవిలో పెట్టిన వాళ్ళ మీద.

రెహానా, నీ కబురు వాన తగ్గాక అందింది. మీ దగ్గరా ఇలాగే ఓటు జరిగిందని, ఓటయ్యాక అడిగితే పూసలన్నీ అలాంటి మాటే ఇవ్వలేదన్నాయని రాశావు. ఆ మాటలు ముందే పదిమందిలో అనిపించి ఉంటే బాగుండేదన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. ముందే అనిపించాలి. ఎలాగన్నదే తెలియడంలేదు.

చాటింపు 614. తెరిపి.

మర్యాద తప్పాను.

చేపల బేరాలు ముమ్మరంగా ఉన్న సమయంలో డప్పు కొట్టి, వార్త చెప్పకుండా ప్రశ్న అడిగాను. లాకు గురించి మీ పూస మీకేం చెప్పింది? పక్కనున్న మనిషికీ అదే చెప్పిందా? ఇక్కడే, ఇప్పుడే అడిగి చూసుకోండి అన్నాను.

కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది. ఒకామె పిల్లదాని చెవులు మూసింది, నేనేదో బూతు మాట అన్నట్టు. చూసిన మనిషి లేకుండా డప్పు ముట్టుకున్నావంటే అది చాటింపు కాదు, అల్లరి అన్నారు ఇద్దరు ముగ్గురు. అంటే నా కట్టుబాటుతో నన్నే కొట్టారు, అదీ న్యాయంగానే కొట్టారు. సాయంత్రానికి సీతారత్నం గారు పిలిపించి, ఓటు అయ్యేదాకా చాటింపు ఆపమన్నారు. డప్పు పంచాయతీ బీరువాలో పెట్టించారు. ఆమె చెడ్డ మనిషి కాదు, రూలు దాటి అడుగు వేయదంతే.

డప్పు పోతే పోయింది. నోరు పంచాయతీది కాదు కదా. రేపటి నుంచి ఉత్తచేతులతో రేవులో నిలబడతాను. నా పక్కన చోటు ఖాళీగా ఉంచుతాను. ఎవరైనా వస్తే వస్తారు.

చాటింపు 615. డప్పు లేకుండా.

ఎవరూ రాలేదు. ఒక్కరొచ్చారు, అది కూడా రావలసిన మనిషి కాదు. తీరకవచం తరఫున లాకు తీసుకోబోయే ఇంజినీరు, రక్షిత్ అని కుర్రాడు. చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడతాడు. నా ఖాళీ చోట్లోనే నిలబడి ఒక డబ్బీ తీశాడు. అందులో పూస ఉంది.

"మీ నాన్నగారి గొంతు మా దగ్గరుందండీ. పాత పంచాయతీ మీటింగుల్లోంచి తీశాం. ఒక్కసారి వినండి. నచ్చకపోతే ఇచ్చేయండి."

చెయ్యి చాచబోయానని ఒప్పుకుంటున్నాను. పోయిన నాన్న గొంతు వినాలని ఎవరికుండదు? కానీ పాత మీటింగులు అనగానే ఆయన ఎలా మాట్లాడేవాడో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"మా నాన్న ఒక్కరికి మాత్రమే వినపడేలా ఏనాడూ మాట్లాడలేదు బాబూ. ఇంట్లో ఉప్పెక్కువైందన్నా వీధి వీధంతా వినపడేది. ఇందులో ఉన్నాయన ఎవరో నాకు తెలీదు. తీసుకెళ్ళు."

డబ్బీ మూసేశాడు. ఎందుకమ్మా ఇంత పంతం, అందరూ సంతోషంగానే ఉన్నారు కదా అన్నాడు. అదే కదయ్యా నా ఏడుపు అన్నాను.

చాటింపు 616. ఓటు.

ఓడిపోయాం. అప్పగించమన్నవాళ్ళే చాలా ఎక్కువ.

లెక్కపెట్టేటప్పుడు నేనక్కడే కూర్చున్నాను. ప్రతి చీటీ విప్పడం చూశాను. వద్దని ఓటేసిన కొద్దిమందీ ఆ తర్వాత నా చుట్టూ చేరారు. దొంగ ఓట్లు పడ్డాయని చాటు తాయారక్కా, జనం రెచ్చిపోతారు, లాకు నిలుస్తుందన్నారు. బతిమాలారు. ఒకాయనైతే చూసినవాడిగా తానే నిలబడతానన్నాడు, ఓటు రోజంతా ఆయన ఊళ్ళోనే లేడు.

చెయ్యలేదు. మనసులో చెయ్యాలని లేదా అంటే ఉంది. లాకు కిందే మా వదిన ఇల్లుంది. కానీ నేనొక్క అబద్ధం చాటితే నాకూ ఆ పూసకీ తేడా ఏముంది, నాది కాస్త పెద్ద గొంతు, అంతే. ఓటయ్యాక డప్పు తిరిగిచ్చారు కాబట్టి, దాన్ని గట్టిగా కొట్టి, ఫలితం ఉన్నదున్నట్టు చాటాను. లెక్క సరిగా జరిగింది, చూసిన మనిషిని నేనే అన్నాను. నా పక్షం వాళ్ళే నా వైపు ఉమ్మేసి పోయారు. ఇంత చేదు వార్త ఇంతకు ముందెప్పుడూ చాటలేదు.

చాటింపు 617. ఎండ.

పొద్దున్న ఫలకాల మీద ఉప్పు కడుగుతుంటే వదిన వచ్చింది. చెవి బోసిగా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇంటి తాళం ఎప్పుడిస్తారని అమ్మని అడిగిందట. ఏ ఇల్లే తల్లీ, అని అమ్మ అందట. మళ్ళీ అడిగితే, నువ్వేదో కలగన్నట్టున్నావు, కాసేపు పడుకో అందట. అదే గొంతు, అదే గారం.

"మా అమ్మ కూలికెళ్ళి బతికింది తాయారూ. తిరనాళ్ళలో రిబ్బను కొనిపెడతానని మాటిస్తే పస్తుండైనా కొనేది. మాటిచ్చి లేదనే మనిషి కాదు. ఇది మా అమ్మ కాదు. మా అమ్మ గొంతేసుకుని నాతో అబద్ధం ఆడారు. ఎక్కడ నిలబడమంటావో చెప్పు."

ఆమెని పట్టుకుని ఏడ్చేశాను. తర్వాత ముఖం కడుక్కుని ఇద్దరం రేవుకెళ్ళాం. వదిన నా పక్కన నిలబడి, పూస తనకేం మాటిచ్చిందో, ఇప్పుడేమంటోందో చెప్పింది. దక్షిణం కిటికీలతో సహా చెప్పింది.

ఆ కిటికీల మాట దగ్గర మరో ఆడమనిషి దిగ్గున లేచింది. నాకూ అదే ఇల్లు చెప్పారు, మా ఆయన గొంతుతో చెప్పారంది. ఇక మాటల గట్టు తెగింది. బులిరాజు బుట్ట కింద పడేసి, నా లాకు తెరుస్తామన్నారు అని అరిచాడు. నీ లాకేవిట్రా, నాకు మూస్తామన్నారు అని అన్నవరం మావయ్య అంతకంటే గట్టిగా అరిచాడు, చెవుడు సంగతి మర్చిపోయి. అందరూ తమ పూసల్ని అడుగుతున్నారు, అన్ని పూసలూ ఏమీ అనలేదంటున్నాయి. ఊరంతా ఒకరి విస్తట్లోకి ఒకరు చూసుకున్నారు. ఏ విస్తట్లోనూ ఏమీ లేదు.

ఓటు రద్దు చేయండని సీతారత్నం గారి మీద పడ్డారు. ఓటు ఓటే, నేను రద్దు చేయలేను, రేపు పోటు వేళకి లాకు చేతిమార్పు అన్నారావిడ. ఆ చేతిమార్పు పద్ధతి ప్రకారమే జరుగుతుందని కూడా అన్నారు. ఆ రెండోమాట ఎందుకన్నారో వినేవాళ్ళకి అర్థమైంది.

మా పద్ధతి ఇదీ. లాకు కొత్తవాళ్ళ చేతికి వెళ్ళేటప్పుడు కొత్త మనిషి చక్రం పట్టుకుని, దాన్ని వాడుకునేవాళ్ళని అడగాలి, ఎంత ఎత్తమంటారని. వాళ్ళు చెప్పిన చోటికి తిప్పాలి. పోటు తిరిగేలోగా తిప్పితేనే చేతిమార్పు జరిగినట్టు. లాకుతో పాటు వచ్చే ఈ షరతు ఒప్పందంలోనూ ఉంది, స్థానిక ఆచారాలు పాటిస్తామని తీరకవచం వాళ్ళే రాసుకున్నారు. ఆచారమంటే కొబ్బరికాయ అనుకుని ఉంటారు. మామూలుగా అయితే ముందురోజే పోట్లాడుకుని ఒకమాట మీదికొస్తాం, మర్నాడు అందరం కలిసి ఆ ఒక్క మాటే చెబుతాం.

ఈ సారి పోట్లాడుకోకూడదని నిర్ణయించుకున్నాం. ఎవరికిచ్చిన మాట వాళ్ళు అడగాలంతే.

చాటింపు 618. పెద్ద పోటు.

లాకు గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. ఔనని ఓటేసినవాళ్ళే ముందు వరసలో ఉన్నారు. రక్షిత్ తెల్ల చొక్కా వేసుకుని, కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. వెనక ఫొటోలు తీసేవాళ్ళు ఇద్దరు.

చెవుల్లో పూసలు ఊరుకోవడం లేదని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో పొయ్యి ఆర్పలేదని ఒకామెకి, పడవ తాడు తెగిందని ఒకాయనకి, మనవడు పడిపోయాడని ఇంకొకరికి. ఇంటికెళ్ళిపొమ్మని ఎవరి కారణం వాళ్ళకి. ఈ సారి మాత్రం వచ్చిన కారణాన్ని వచ్చినట్టు పైకి చెప్పేస్తున్నారు. మనవడు పడిపోయాడట అని ఆమె అనగానే, ఆ మనవడే వెనక నుంచి నేనిక్కడే ఉన్నా అన్నాడు. జనం పగలబడి నవ్వారు. బులిరాజైతే పూస తియ్యకుండానే దాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు.

కొబ్బరికాయ కొట్టాక సీతారత్నం గారు చక్రం చూపించి అడగమన్నారు. రక్షిత్ చక్రం మీద చెయ్యి వేసి, నవ్వుతూ, ఎంత ఎత్తమంటారని అడిగాడు.

బార్లా తెరువు, మాటిచ్చారు అని చెరువులవాళ్ళు. బిగించి మూయి, మాటిచ్చారు అని మెరకవాళ్ళు. మా ఇళ్ళ తాళాలు చేతిలో పెట్టి అప్పుడు ముట్టుకో అని పల్లంవాళ్ళు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే. ఒప్పందంలో అలాంటివేమీ లేవన్నాడు. లేవని మాకూ తెలుసు, మరి మా చెవుల్లో ఎందుకు చెప్పారన్నారు. ఫొటోలవాళ్ళు కెమెరాలు దించేశారు. పోటునీళ్ళు గట్టు మీదికొచ్చి అతని బూట్లు తడుస్తున్నాయి. చెయ్యి చక్రం మీదే ఉంది, ఏ పక్కకీ కదలడం లేదు. పాపం అనిపించింది, ఒక్క క్షణమే.

చివరికి విసుగొచ్చింది. "మీలో మీకే పడకపోతే నేనెవరి మాట వినాలండీ?"

వదిన ముందుకెళ్ళింది. అతని చేతిని చక్రం మీంచి నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది.

"మాకు మాకు పడదు బాబూ. ఎప్పుడూ పడలేదు. పడకపోయినా అందరికీ వినపడేలాగే తేల్చుకున్నాం, ఇప్పుడూ అలాగే తేల్చుకుంటాం. నువ్వెళ్ళు."

పోటు తిరిగే వేళ దాటింది. చక్రం తిరగలేదు, చేతిమార్పు జరగలేదని సీతారత్నం గారు రాసి సంతకం పెట్టారు. పోలీసుల్ని తీసుకుని సోమవారం వస్తానన్నాడు రక్షిత్. రమ్మన్నాం. మళ్ళీ ఓటు పెట్టమని అర్జీ రాస్తున్నాం, ఈ సారి ఎవరికేం చెప్పినా రేవులో చెప్పాలని మొదటి వాక్యంగా పెట్టాం.

అతని పడవ మలుపు తిరిగిందో లేదో, తలుపు ఎంత ఎత్తాలన్న గొడవ మొదలైంది. బులిరాజు అన్నవరం మావయ్య కండువా పట్టుకున్నాడు. మావయ్య కర్ర ఎత్తాడు. వదిన ఇద్దరినీ కలిపి తిడుతోంది, పల్లంలో ఉండేది మనుషులా కప్పలా అని. రెహానా, ఈ గొడవ మీకు మాట మాటా రాసి పంపాలనే కూర్చున్నాను. మొన్నమొన్న మా అన్నయ్య లేని ఇంట్లో గిన్నెలు సర్దుకున్న మనిషి అంత గొంతుతో అరుస్తుంటే రాయడం నా వల్ల కాలేదు. డప్పు పక్కన పెట్టి, నేనూ వెళ్ళి ఆమె పక్కన చేరి అరిచాను.